స్ట్రిప్పు మీద 10, రక్తంలో 3

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో చూపించుకుని, ఫైలు చంకలో పెట్టుకుని పలమనేరు బస్సో శ్రీకాళహస్తి బస్సో ఎక్కే క్యాన్సర్ రోగుల్లో కొందరి సంచిలో నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్రల స్ట్రిప్పు ఉంటుంది. దాని మీద 10 మిల్లీగ్రాములు అని అచ్చయి ఉంటుంది. ఇల్లు చేరాక మాటలన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. పక్కింటామె వచ్చి, "మా ఇంట్లో ఆయనకి ఇవే రెండేసి ఇస్తే హాయిగా నిద్రపోయినాడక్కా, నువ్వూ రెండు వేసి చూడు" అంటుంది. ఆసుపత్రిలో సూదిమందుగా 3 మిల్లీగ్రాములే ఇచ్చారని గుర్తున్న కొడుకు, ఇంటికి 10 ఎందుకు రాశారని కంగారు పడతాడు. ఇంకొకరు, అది మత్తుమందు కదా, పూటకొకటి తగ్గించి వేద్దాం అంటారు. ముగ్గురిదీ ప్రేమే. ముగ్గురూ పొరబడేది కూడా ఒకే చోట. స్ట్రిప్పు మీది అంకె మింగిన మందుది, ఒంటికి అందిన మందుది కాదు.

మార్ఫిన్ 10 మిల్లీగ్రాములు మింగితే ఒళ్లంతా తిరిగే రక్తంలోకి చేరేది సుమారు 3. ఒకరిలో అది 2 కావచ్చు, ఇంకొకరిలో 4 కావచ్చు. మిగతాది ఎక్కడికి పోయింది, అందినదాన్ని ఒళ్లు ఏం చేసింది, ఎంతసేపు ఉంచుకుంది అన్నది తెలిస్తే చీటీలో డాక్టరు రాసిన టైములకీ అంకెలకీ అర్థం ఏర్పడుతుంది. తెలియకపోతే ఆ చీటీ మీద ఎవరి సలహా వాళ్లు దిద్దేస్తారు. ఈ మందుల విషయంలో అలా దిద్దడం ప్రాణం మీదికి తెస్తుంది.

మసాలాకు వేయించుకునే గసగసాలు ఏ మొక్క గింజలో, ఆ మొక్క పచ్చికాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. అందులోని నొప్పి తీసే సారాన్ని 1805 ప్రాంతంలో జర్మనీలో సెర్ట్యూర్నర్ అనే కుర్ర ఫార్మసిస్టు విడదీశాడు. గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరు మీద దానికి పేరు పెట్టాడు. ఇంకో నొప్పి మందు కోడీన్ కూడా నల్లమందులో ఉండేదే. ట్రమడాల్ అనే నొప్పి మందు ప్రయోగశాలలో పుట్టింది, 1977లో జర్మనీలో అమ్మకానికి వచ్చింది. వీటన్నింటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. క్యాన్సర్ నొప్పికి ఏ మందు ఎప్పుడు వాడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో దారి చూపినప్పుడు, వీలైనంతవరకు నోటి ద్వారానే ఇవ్వమని చెప్పింది. ఇంట్లోనే, ఎవరి చేతి సాయమూ లేకుండా వేసుకోవచ్చు కదా. అయితే నోటి దారి చుట్టుదారి.

మాత్ర ముందు కడుపులో కరగాలి. కరుగుతుంది గానీ అక్కడ రక్తంలోకి పెద్దగా దిగదు. మార్ఫిన్ క్షార గుణం ఉన్న పదార్థం. కడుపులోని ఘాటైన ఆమ్లంలో దాని అణువులకు విద్యుదావేశం అంటుకుంటుంది. ఆవేశం ఉన్న అణువు నీళ్లలో సుఖంగా కరిగి ఉంటుంది కానీ, కొవ్వుతో కట్టిన కణపు పొరను దాటలేదు. చిన్నపేగులోకి దిగాక ఆమ్లం విరుగుతుంది. కొన్ని అణువులు ఆవేశం వదులుకుని పొర దాటుతాయి. అవి దాటినకొద్దీ వెనకున్నవాటిలో మరికొన్ని వదులుకుంటాయి. చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు, లోపలంతా మఖ్మల్ గుడ్డ నూగులాంటి చూషకాలు. అంత వైశాల్యం మీద పరుచుకున్నాక మార్ఫిన్‌లో చాలా భాగం గోడ దాటేస్తుంది. అంటే 10లో 7 పోవడానికి పేగు సరిగ్గా పీల్చుకోకపోవడం అసలు కారణం కాదు.

పేగు పని చేయాలంటే కడుపు దాన్ని కిందికి వదలాలి. ఆ తలుపు తెరుచుకునే వేగం మీదే మందు అందే వేగం ఆధారపడుతుంది. ఖాళీ కడుపు త్వరగా వదులుతుంది. నూనె, మాంసం దండిగా తిన్న కడుపు నెమ్మదిగా వదులుతుంది. పైగా ఓపియాయిడ్లు తామే కడుపు కదలికను మందగింపజేస్తాయి. నొప్పి తీవ్రంగా ఉన్నా, వాంతి వచ్చేలా ఉన్నా కడుపు ఇంకా బద్ధకిస్తుంది. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం మొదలవడానికి అరగంట పట్టొచ్చు, రక్తంలో మందు ఎక్కువ స్థాయికి చేరడానికి గంట దాకా పట్టొచ్చు. "వేసి పావుగంటయింది, ఏమీ తగ్గలేదు, ఇంకొకటి వేద్దాం" అనుకునే ఇంట్లో జరిగేది ఏమిటంటే, మొదటి మాత్ర ఇంకా కడుపులోనే ఉండగా రెండోది దాని వెనక చేరుతుంది. తర్వాత రెండూ కలిసి దిగుతాయి. మందు పని చేయలేదని అనుకున్న ఇల్లే గంటన్నర తర్వాత, మనిషి పిలిచినా పలకడం లేదని భయపడుతుంది.

అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. పేగు నుంచి రక్తంలోకి దిగినదేదీ నేరుగా గుండెకు పోదు. పేగుల నుంచి వచ్చే సిరలన్నీ ఒక పెద్ద సిరలో కలిసి కాలేయంలోకి వెళ్తాయి. తిరుపతివాళ్లకు దీన్ని చెప్పడానికి అలిపిరి చాలు. కొండకు పోయే బండి బెంగళూరు నుంచి వచ్చినా చెన్నై నుంచి వచ్చినా అలిపిరి దగ్గర ఆగాలి, సామాన్లు దింపి తనిఖీ చేయించుకోవాలి, ఆ తర్వాతే ఘాట్ రోడ్డు. పేగు నుంచి రక్తంలోకి దిగిన ప్రతి అణువుకూ కాలేయం అలాంటి తనిఖీ కేంద్రం. అన్నం, పప్పు నుంచి వచ్చినదైనా, తెలియక తిన్న విషమైనా, డాక్టరు రాసిన మందైనా ముందు అక్కడ ఆగాలి. చేతి నరానికి వేసిన సూదిమందుకు ఆ మొదటి మజిలీ లేదు. అది చేతి నుంచి గుండెకు, గుండె నుంచి మెదడుకూ మిగతా ఒంటికీ చేరిపోతుంది. తర్వాత చుట్లు తిరుగుతున్నప్పుడు కాలేయం వంతుకు వచ్చినంతే కాలేయానికి దొరుకుతుంది.

పోలిక ఇంతవరకే పనికొస్తుంది. తనిఖీలో దొరికినదాన్ని పక్కన పడేస్తారు. కాలేయం పడేయదు, రూపం మారుస్తుంది. కిలోన్నర బరువుండే ఈ అవయవం గుండా నిమిషానికి లీటరున్నర దాకా రక్తం పోతుంది. అందులో సుమారు ముప్పావు వంతు పేగుల దారి నుంచి వచ్చేదే. మార్ఫిన్ కనిపించగానే యూజీటీ2బీ7 అనే ఎంజైము దానికి గ్లూకురోనిక్ ఆమ్లం అనే తోక తగిలిస్తుంది. ఆ ఆమ్లం మనం తిన్న గ్లూకోజు నుంచే కాలేయం తయారు చేసుకున్నది. తోక తగిలాక అణువు నీళ్లలో బాగా కరుగుతుంది. నీళ్లలో కరిగితే మూత్రపిండాలు బయటికి పంపగలవు. ఒంటికి కొత్త అయిన పదార్థాన్ని ఇలా కడిగి పంపేయడం కాలేయానికి పుట్టుకతో వచ్చిన పని. అది నొప్పి మందా విషమా అన్న తేడా దానికి తెలియదు. పేగు గోడలో కూడా ఈ పని కొంత జరుగుతుంది. మొదటి మజిలీలోనే మార్ఫిన్‌లో మూడింట రెండు వంతుల దాకా ఇలా మారిపోవడం వల్ల 10 కాస్తా 3 అవుతుంది.

కొడుకు కంగారుకు జవాబు ఇక్కడ ఉంది. నరానికి ఇచ్చిన 3 మిల్లీగ్రాములూ, నోటికి ఇచ్చిన 10 మిల్లీగ్రాములూ దాదాపు ఒకటే మోతాదు. ఆసుపత్రుల్లో సూదిమందు నుంచి మాత్రకు మార్చేటప్పుడు వాడే మామూలు లెక్క ఒకటికి మూడు. ఇంటికి వచ్చాక ఎక్కువ రాసి పంపారని మాత్రను ముక్కలు చేసి ఇస్తే, ఆసుపత్రిలో అణిగిన నొప్పి ఇంట్లో తిరిగి లేస్తుంది. చాలామంది దాన్ని జబ్బు ముదరడం అనుకుంటారు.

తోక తగిలిన మార్ఫిన్ అంతా పనికిరానిది కాదు. తోకను అణువులో మూడో చోట తగిలిస్తే ఎం3జీ అవుతుంది. మార్ఫిన్‌లో సగం, అంతకు కొంచెం అటూ ఇటూ, దీనిగానే మారుతుంది. ఇది నొప్పి తీయదు. బాగా పేరుకుపోతే నరాలను చిరాకు పెడుతుంది కూడా. తోకను ఆరో చోట తగిలిస్తే ఎం6జీ. ఇది పదో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఇది మాత్రం నొప్పి తీస్తుంది, తక్కువదేమీ కాదు, చాలా బలమైనది. అంటే కాలేయం మందును వదిలించుకోబోయి, అందులో కొంత భాగాన్ని ఇంకో మందుగా చేసి పెడుతోంది. మింగిన మార్ఫిన్ ఇచ్చే ఉపశమనంలో ఎం6జీ వాటా చిన్నది కాదు. ఈ పేరు గుర్తుంచుకోవాలి. మూత్రపిండాల దగ్గర ఇదే తిరిగి ఎదురవుతుంది.

మార్ఫిన్ అయితే అసలు మందే పని చేస్తుంది. కోడీన్ అలా కాదు. కోడీన్ సొంతంగా నొప్పి తీయడం స్వల్పం. కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము దానిలో 5 నుంచి 10 శాతాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. ఉపశమనం చాలావరకు ఆ కాస్త మార్ఫిన్‌దే. ట్రమడాల్‌కూ ఇదే ఎంజైము కావాలి. ట్రమడాల్ నోటి నుంచి బాగానే అందుతుంది, సుమారు 70 శాతం మొదటి మజిలీ దాటి బయటపడుతుంది. దానికి సొంతంగా కొంత పని ఉంది, నరాల మధ్య సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు తిరిగి పీల్చుకుపోకుండా ఆపుతుంది. కానీ ఓపియాయిడ్‌గా చేసే పని ముఖ్యంగా ఎం1 అనే మారురూపానిది. ఓపియాయిడ్లు పని చేయడానికి నరకణం మీద అతుక్కునే చోటును గ్రాహకం అంటారు, దానికి అతుక్కునే శక్తి ట్రమడాల్ కంటే ఎం1కు వందల రెట్లు ఎక్కువ.

సీవైపీ2డీ6 అందరిలో ఒకేలా ఉండదు. దాన్ని తయారు చేసే జన్యువు 22వ క్రోమోజోము మీద ఉంటుంది, మనిషికీ మనిషికీ బాగా తేడాగా ఉంటుంది. కొందరికి తల్లి నుంచి వచ్చిన ప్రతీ, తండ్రి నుంచి వచ్చిన ప్రతీ రెండూ పని చేయనివే అవుతాయి. ఐరోపా వాళ్లలో ఇలాంటివాళ్లు నూటికి 5 నుంచి 10 మంది, మన దక్షిణాదిలో అంతకంటే కొంచెం తక్కువ. వీళ్లకు కోడీన్ వేస్తే మలబద్ధకం, తల తిరుగుడు లాంటి బాధలు ఉంటాయి గానీ నొప్పి సరిగా తగ్గదు. "మందులో దమ్ము లేదు" అనో, "ఈయనకు నొప్పి ఓర్చుకోవడం చేతకాదు" అనో మాట పడేది వీళ్లే. తప్పు మందులోనూ లేదు, మనిషిలోనూ లేదు. ఇంకొందరికి ఇదే జన్యువు రెండుకు మించి ప్రతులుగా ఉంటుంది. వాళ్ల కాలేయం కోడీన్‌ను గబగబా మార్ఫిన్ చేసేస్తుంది. మామూలు మోతాదే వాళ్లకు విషమంత అవుతుంది. గొంతులో టాన్సిల్స్ తీసేశాక కోడీన్ ఇచ్చిన పిల్లలు ఇలా ఊపిరి మందగించి చనిపోయిన తర్వాత, అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లో తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. 2017లో 12 ఏళ్లలోపు పిల్లలకు నొప్పి కోసం కోడీన్, ట్రమడాల్ రెండూ ఇవ్వకూడదని చెప్పింది. పెద్దవాళ్ల దగ్గు సిరప్పులో కోడీన్ ఉంటే, దాన్ని అరచెంచా చేసి పిల్లాడికి పోసే అలవాటు ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పక్కింటామె సలహా ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఈ ఒక్క ఎంజైము చాలు. ఆమె ఇంటాయన కాలేయం వేరు, ఈ ఇంటి మనిషి కాలేయం వేరు. బయటికి కనిపించే తేడా ఏమీ ఉండదు. ఇద్దరూ ఒకే వయసు, ఒకే బరువు, ఒకే ఊరు కావచ్చు. మందు చీటీ మాత్రం ఒకటి కాదు. ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూడా ఈ తేడా రావచ్చు.

జన్యువు మంచిదైనా ఇంకో మందు దానికి అడ్డుపడవచ్చు. మనసు బాగాలేక ఫ్లూయాక్సెటిన్ గానీ పారాక్సెటిన్ గానీ వాడుతున్నవాళ్లలో సీవైపీ2డీ6 దాదాపు మూతపడుతుంది. అప్పుడు ట్రమడాల్ ఎం1గా మారదు, నొప్పి తగ్గదు. అంతటితో పోతే బాగుండేది. మారకుండా మిగిలిపోయిన ట్రమడాల్, ఆ మనసు మందు రెండూ కలిసి సెరటోనిన్‌ను హద్దు మీరి పెంచగలవు. ఒళ్లు కాలిపోవడం, వణుకు, కండరాలు బిగుసుకోవడం, ఫిట్స్ దాకా పోవచ్చు. ట్రమడాల్ ఒక్కటే ఎక్కువైనా ఫిట్స్ వస్తాయి. అలిపిరి మెట్లు 3,550 ఎక్కి దిగాక మోకాళ్లు పట్టేసి, మందుల షాపులో గట్టి నొప్పి మాత్ర ఇవ్వమని అడిగేవాళ్లు తాము రోజూ వాడే మందుల పేర్లు చెప్పరు. అడిగినా, మనసుకు వాడే మందు పేరు చెప్పడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు వల్ల వచ్చే ముప్పు ఇది. మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ మత్తుమందుల చట్టం పరిధిలోకి వచ్చింది కాబట్టి, చీటీ లేకుండా ఇవ్వననే షాపువాళ్ల మీద కోప్పడటంలో అర్థం లేదు. ఇంకో మాట. ట్రమడాల్ చాలాసార్లు పారాసెటమాల్‌తో కలిపిన మాత్రగా దొరుకుతుంది. దాని మీద జ్వరానికని మళ్లీ పారాసెటమాల్ వేసుకుంటే ఆ లెక్క చేయి దాటుతుంది. అప్పుడు దెబ్బ తినేది కాలేయమే.

మొదటి మజిలీ దాటి వచ్చిన మార్ఫిన్ ఏం చేస్తుందన్నది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అది రక్తంతో పాటు మెదడుకూ వెన్నుపాముకూ చేరి, అక్కడి నరకణాల మీద ఉండే మ్యూ గ్రాహకాలకు అతుక్కుంటుంది. అతుక్కోగానే ఆ కణంలోకి కాల్షియం రావడం తగ్గుతుంది, పొటాషియం బయటికి పోవడం పెరుగుతుంది. కణం నెమ్మదిస్తుంది, నొప్పి కబురు పైకి పంపడం తగ్గిస్తుంది. దెబ్బ ఉన్నచోటే ఉంటుంది, గడ్డ ఉన్నచోటే ఉంటుంది, కబురు మాత్రం పలచబడుతుంది. ఇవే గ్రాహకాలు ఊపిరి లయను నడిపే మెదడు కాండంలో కూడా ఉన్నాయి. మోతాదు మించితే ఊపిరి మందగించేది అందుకే.

పేగు గోడలో కూడా ఇవే గ్రాహకాలు ఉంటాయి. అందువల్ల ఈ మందు వాడే దాదాపు ప్రతి రోగికీ మలబద్ధకం వస్తుంది. మగతకు, వాంతికి ఒళ్లు కొన్ని రోజుల్లో అలవాటు పడుతుంది. పేగు మాత్రం అలవాటు పడదు. మార్ఫిన్ రాసిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాసేది ఇందుకే. రెండో మందు చిన్నదని పక్కన పెట్టేస్తే, వారం తిరిగేసరికి రోగి నొప్పి కంటే కడుపు బిగింపుతో ఎక్కువ బాధపడతాడు. చివరికి దాని బాధ భరించలేక మార్ఫినే మానేస్తాడు. రాగి సంగటి, ఆకుకూర మంచివే గానీ, ఈ మలబద్ధకానికి అవి చాలవు.

రక్తంలో మార్ఫిన్ 2, 3 గంటల్లో సగమవుతుంది. ఇంకో 2, 3 గంటల్లో ఆ సగంలో సగం. నాలుగు గంటలయ్యేసరికి మూడో వంతు ప్రాంతంలో మిగులుతుంది, నొప్పి తలెత్తుతుంది. మామూలు మార్ఫిన్ మాత్రను నాలుగు గంటలకొకసారి రాసేది ఈ లెక్క మీదే. నొప్పి వచ్చాక వేసుకుందాంలే అని ఆగితే, కడుపు వదలాలి, పేగు పీల్చాలి, కాలేయం దాటాలి. గంటసేపు రోగి మెలికలు తిరుగుతాడు. గడియారం చూసి వేస్తే పాతది దిగే వేళకు కొత్తది ఎక్కుతుంది. పూటకొకటి తగ్గిద్దామనే బంధువు మాట ఇక్కడ చెల్లదు. మధ్యలో ఒకటి ఎగ్గొడితే మత్తు తగ్గదు, నొప్పి లేచే గుంట మాత్రం ఏర్పడుతుంది. ఇలా క్రమంగా వేస్తూ పోతే ఎక్కేదీ దిగేదీ సమానమవడానికి ఒక రోజు దాకా పడుతుంది. అందుకే డాక్టర్లు ఒక్క మాత్ర చూసి మోతాదు మార్చరు, ఒక రోజంతా ఎలా గడిచిందో అడుగుతారు. కొన్ని వారాలు వాడాక ఒళ్లు మందుకు అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే చెమటలు, విరేచనాలు, వణుకు వస్తాయి. అది వ్యసనం కాదు, గ్రాహకాలు సర్దుకోవడానికి పట్టే సమయం. మెల్లగా తగ్గిస్తే అది రాదు.

పన్నెండు గంటలకొకసారి వేసుకునే మార్ఫిన్ మాత్ర కట్టుబడి వేరు. మందును ఒక జిగురు పదార్థంలోనో పైపొరలోనో పెట్టి, కొంచెం కొంచెంగా వదిలేలా చేస్తారు. తిరుమల క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తర్వాత కంపార్టుమెంటు వదిలినట్టు పేగు పొడవునా మందు విడుదలవుతుంది. అందులో ఒక పూటకు సరిపడా మందు ఉంటుంది కాబట్టి మామూలు మాత్ర కంటే అంకె పెద్దది. గొంతు క్యాన్సర్ ఉన్న పెద్దాయన మింగలేకపోతున్నాడని దాన్ని దంచి జావలో కలిపి పట్టిస్తే, లేదా ముక్కు గొట్టంలో పోస్తే, గేట్లన్నీ ఒక్కసారి తెరిచినట్టే. పన్నెండు గంటల మందు ఒక గంటలో దిగుతుంది. నమిలినా అంతే. మద్యం కూడా కొన్ని మాత్రల పైపొరను కరిగించేస్తుంది. అమెరికాలో 2005లో రోజుకొకసారి వేసుకునే హైడ్రోమార్ఫోన్ అనే ఓపియాయిడ్ గుళిక ఒకదాన్ని ఇదే కారణం మీద అమ్మకాల నుంచి తీసేయించారు. మింగడం కష్టమైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ద్రవరూపంలో ఇవ్వవచ్చు, మామూలు మాత్రను పొడి చేసి ఇచ్చేలా మార్చవచ్చు, ఫెంటానిల్ అనే ఇంకో ఓపియాయిడ్ ఉన్న, చర్మం మీద అంటించే పట్టీకి మారవచ్చు. పట్టీలోని మందు చర్మం నుంచి నేరుగా రక్తంలోకి దిగుతుంది, కాలేయం దగ్గర మొదటి మజిలీ దానికి లేదు. అయితే వేడి తగిలితే ఎక్కువ దిగుతుంది. మే నెల ఎండలో, లేదా ఒళ్లు కాలే జ్వరంలో పట్టీ ఉన్న మనిషిని కనిపెట్టుకుని ఉండాలి.

కాలేయమే పాడైతే లెక్క తిరగబడుతుంది. తాగుడు వల్లో కామెర్ల వైరస్ వల్లో కాలేయం గట్టిపడినవాళ్లలో తోక తగిలించే పని మందగిస్తుంది. కొంత రక్తం కాలేయాన్ని తప్పించుకుని పక్కదారుల్లో పోతుంది. 10లో 3 అందాల్సింది ఇంకా ఎక్కువ అందుతుంది, సగమవడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. వీళ్లకు తక్కువ మోతాదు, ఎక్కువ ఎడం.

ఇక మూత్రపిండాలు. మార్ఫిన్ రూపం మారకుండా మూత్రంలో పోయేది పదో వంతు లోపే. మిగతాది చాలావరకు తోకలున్న రూపాలు, మామూలు మనిషిలో ఒక రోజులో చాలావరకు బయటికి పోతాయి. షుగరు, బీపీ ఏళ్ల తరబడి ఉండి రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు మందగించాయని చెప్పే గుర్తు) పెరిగినవాళ్లలో కాలేయం తన పని తాను చేసుకుపోతుంది, తోకలు తగిలిస్తూనే ఉంటుంది. బయటికి పంపే దారి మాత్రం మూసుకుపోయి ఉంటుంది. అక్కడ ఎం6జీ పేరుకుంటుంది. మామూలుగా కొన్ని గంటల్లో సగమయ్యే ఎం6జీ, మూత్రపిండాలు చెడినవాళ్లలో సగమవడానికి ఒక రోజు దాటవచ్చు. నాలుగు గంటలకొక మాత్ర చొప్పున పోగవుతూ మూడో రోజుకో నాలుగో రోజుకో మనిషి మగతలోకి జారుతాడు. ఎం3జీ పేరుకోవడం వల్ల కాళ్లూ చేతులూ ఉలిక్కిపడినట్టు అదురుతాయి. మొదటి రెండు రోజులు బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లోవాళ్లకు మందు మీద అనుమానం రాదు. బాగా ఉన్న మూత్రపిండాలు కూడా వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు తగ్గితే ఇలాగే వెనకబడతాయి. కాబట్టి మార్ఫిన్ చీటీ రాయించుకునేటప్పుడు పాత రక్తపరీక్ష కాగితాలన్నీ ముందు పెట్టాలి. క్రియాటినిన్ ఎక్కువుంటే డాక్టర్లు ఫెంటానిల్ లాంటి వేరే మందుకు పోతారు, లేదా మోతాదు తగ్గించి ఎడం పెంచుతారు.

మగతలోకి జారిన మనిషిని గట్టిగా పిలిచినా తట్టినా లేవకపోతే, ఊపిరి లెక్కపెట్టేంత నెమ్మదిగా, నిమిషానికి ఏడెనిమిదికి పడిపోతే, కనుపాప సూదిమొనంత అయితే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంకో మాత్ర నోట్లో పెట్టకూడదు. ఆసుపత్రిలో నాలోక్సోన్ అనే సూదిమందు ఇస్తారు. అది మ్యూ గ్రాహకాల మీద కూర్చున్న మార్ఫిన్‌ను, ఎం6జీని పక్కకు నెట్టి తాను కూర్చుంటుంది. రెండు మూడు నిమిషాల్లో రోగి కళ్లు తెరుస్తాడు, పేరు చెప్తాడు, నీళ్లు అడుగుతాడు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుని, ఇక తీసుకుపోతామంటారు. నాలోక్సోన్ పని గంట, గంటన్నర. ఎం6జీ రక్తంలో అప్పటికీ తిరుగుతూనే ఉంటుంది, నాలోక్సోన్ దిగిపోగానే ఖాళీ అయిన గ్రాహకాల మీద మళ్లీ కూర్చుంటుంది. లేచి మాట్లాడిన మనిషిని ఆ రాత్రంతా వార్డులోనే ఉంచి, నర్సు మాటిమాటికీ వచ్చి ఊపిరి లెక్కపెట్టేది అందుకే.